ఆట పాటను వాకిట్లోనే ఎందుకు నిలబెట్టాలి?

వార్షికోత్సవంలో ఎవరెవరు ఏమేమి చేస్తారో పేర్లు ఇమ్మని డిసెంబరులో అడిగినారు. నేనూ నా స్నేహితుడూ పేర్లు ఇచ్చినాము. నేను హార్మోనియం, వాడు డోలు. వాయించేది మూడు నిమిషాలు. "ఏ పాట?" అని అడిగినారు. "ఫైనల్ ఫాంటసీ అనే ఆటలోది సార్" అన్నాను. అంతే. "వీడియో గేము పాటా? బడిలోనా? వేరేది చూసుకోపో" అన్నారు. మా పేర్ల మీద అడ్డగీత పడింది. మా వెనకాల నిలబడిన జట్టు ఒక సినిమా పాటకు డ్యాన్సు చేస్తామని చెప్పింది. ఆ పాటలో మాటలేమిటో, అర్థమేమిటో ఎవరూ అడగలేదు. వెంటనే ఒప్పుకున్నారు.

నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఈ వ్యాసం మొదలుపెట్టినాను. సంక్రాంతి సెలవులంతా రాసి, కొట్టేసి, మళ్ళీ రాసేసరికి కోపం తగ్గింది. ప్రశ్న మాత్రం మిగిలింది. ఒక పాట ఎక్కడ పుట్టిందో చూసి దాన్ని తోసేయవచ్చునా? విన్న తరువాత బాగాలేదంటే నేను ఒప్పుకుంటాను. వినకముందే అది పాట కాదనడం న్యాయమా?

మొదట నేను దేని కోసం ఎదురుచూసినానో చెప్పాలి. 2023 ఫిబ్రవరి 16న "థియేట్‌రిథమ్ ఫైనల్ బార్ లైన్" అనే ఆట విడుదల అయింది. జపానులోని స్క్వేర్ ఎనిక్స్ కంపెనీది. 2022 సెప్టెంబరులో దీన్ని ప్రకటించినారు. అప్పటినుంచి నా క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా ఉండింది. మా అమ్మ అది ఏదో పరీక్ష తేదీ అనుకొని సంతోషపడింది. కాదని చెప్పేదానికి నాకు వారం పట్టింది.

ఇది లయ ఆట. ఫైనల్ ఫాంటసీ అనేది 1987 నుంచి వస్తున్న కథల ఆట. అందులో మనం ఒక పాత్రగా మారి, నలుగురైదుగురు తోడుగాళ్ళతో ఊర్లు తిరిగి, రాక్షసులతో పోరాడి, కథను చివరిదాకా నడిపించాలి. ఒక్కొక్క కథకు గంటలకొద్దీ పడుతుంది. అన్ని గంటలూ వెనకాల సంగీతం మోగుతూనే ఉంటుంది. ఊరికి ఒక బాణీ, అడవికి ఒకటి, యుద్ధానికి ఒకటి, ఎవరైనా చనిపోతే ఒకటి. ఈ కొత్త ఆట ఆ బాణీలలో చాలావాటిని ఒకచోటికి తెచ్చింది. మొత్తం 385 పాటలు. తెర మీద గుర్తులు ఒక వైపు నుంచి కదిలి వస్తాయి. ఎర్ర గుర్తు సరిగ్గా గీత మీదికి వచ్చినప్పుడు మీట నొక్కాలి. పచ్చది వస్తే నొక్కి పట్టుకోవాలి. పసుపుది వస్తే అది చూపించే దిక్కుకు స్టిక్కును తోయాలి. సరిగ్గా లయలో కొడితే మన నలుగురు వీరులూ రాక్షసుడిని కొడతారు. తప్పితే మనకే దెబ్బ. చెప్పేదానికి ఇంతే. ఆడితే చెమట పడుతుంది.

నేను ఆడకుండా చెప్పడం లేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా బావ దగ్గర పాత త్రీడీఎస్ ఉంది. దాంట్లో ఇదే వరసలో 2014లో వచ్చిన "కర్టెన్ కాల్" ఉంది. దాంట్లో 221 పాటలు. ఆయన పండక్కి హోసూరు వచ్చినప్పుడల్లా ఆ మిషన్ నా చేతిలోనే ఉంటుంది. కొత్త ఆటను కూడా ఆయనే కొంటాడు. నా వంతు పరీక్షలు అయిపోయిన తరువాత, ఎండాకాలం సెలవుల్లో.

ఇప్పుడు నాకు చెప్పిన అభ్యంతరాలు ఒక్కొక్కటిగా చూస్తాను.

మొదటిది: "అది సంగీతమే కాదు, బొంయ్ బొంయ్ అనే చప్పుడు."

ఈ మాట అన్నవాళ్ళు 1987 నాటి మిషన్ సంగతి తెలుసుకోవాలి. అప్పటి ఫామికామ్‌లో రాగం పలికేదానికి మూడు గొంతులే ఉండేవి. నాలుగోది దరువుకు పనికివచ్చే బుస్సుమనే చప్పుడు. పాడేవాళ్ళు లేరు, తంత్రులు లేవు, తబలా లేదు. ఆ మూడు గొంతులతో నొబువో ఉయెమత్సు అనే ఆయన మొదటి ఫైనల్ ఫాంటసీకి సంగీతం కట్టినాడు. ఆయన ఏ గురువు దగ్గరా పద్ధతిగా నేర్చుకున్నవాడు కాదు, తనంతట తానే పియానో నేర్చుకున్నాడు. మేము వార్షికోత్సవంలో వాయించాలనుకున్నది ఆ ఆట తెరవగానే వినిపించే బాణీనే. ఒక్కొక్క స్వరం మెట్లెక్కినట్టు పైకి పోతుంది, మళ్ళీ మెట్లు దిగినట్టు కిందికి వస్తుంది. అంతే. ముప్పై అయిదేళ్ళ తరువాత కూడా అది వినగానే జనం గుర్తుపడతారు. సామాను తక్కువ ఉన్నప్పుడు వంట బాగా చేసినవాళ్ళను మనం మెచ్చుకుంటాము కదా? మూడు గొంతులతో పాట కట్టినవాడిని ఎందుకు మెచ్చుకోకూడదు?

1994లో వచ్చిన ఆరో కథలో ఒక నాటకశాల ఘట్టం ఉంది. అక్కడ ఒక అమ్మాయి వేదిక మీద పాడాలి. కానీ ఆ రోజుల మిషన్‌కు మనిషి గొంతుతో పాడే శక్తి లేదు. అందుకని గొంతులాంటి ఒక శబ్దాన్ని తయారుచేసి, దానితో పాడించినారు. మాటలు తెర మీద అక్షరాలుగా వస్తాయి. తరువాత ఏ మాట పాడాలో ఆడేవాడు గుర్తుపెట్టుకొని చెప్పాలి. తప్పితే నాటకం ఆగిపోతుంది. గొంతు లేని మిషన్‌తో పాట పాడించాలని పట్టుబట్టినవాళ్ళ పనిని చప్పుడు అనేదానికి నాకు నోరు రాదు.

ఇంకొక మాట. 2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ప్రారంభమైనప్పుడు దేశదేశాల క్రీడాకారులు జెండాలు పట్టుకొని మైదానంలోకి నడిచినారు కదా, అప్పుడు మోగినవి ఆటల బాణీలే. డ్రాగన్ క్వెస్ట్, ఫైనల్ ఫాంటసీ, ఇంకా చాలా. మన దేశపు క్రీడాకారులు కూడా ఆ సంగీతంతోనే నడిచినారు. ప్రపంచమంతా చూసే మైదానానికి పనికివచ్చిన పాట మా బడి వేదికకు పనికిరాలేదు. మా వేదిక పొడవు ముప్పై అడుగులు కూడా ఉండదు.

రెండో అభ్యంతరం: "పాట బాగుండవచ్చు. మీటలు నొక్కితే సంగీతం వస్తుందా?"

రాదు. దీన్ని నేను ముందే ఒప్పుకుంటాను. ఈ ఆటలో పాట ముందే తయారై ఉంటుంది. మనం ఒక స్వరం కూడా పుట్టించము. 385 పాటలూ తప్పు లేకుండా ఆడినవాడికి కూడా హార్మోనియం మీద ఒక వరస రాకపోవచ్చు. ఈ ఆట ఆడితే సంగీత విద్వాంసులు అవుతారని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

కానీ ఇది ఇంకొకటి నేర్పుతుంది. దాన్ని కనిపెట్టింది నేను కాదు, మా తాత. మా తాత మేళంలో డోలు వాయించేవాడు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, పెళ్ళిళ్ళకు పోవడం లేదు. సంక్రాంతి నాడు మధ్యాహ్నం నేను అరుగు మీద కూర్చొని ఒక యుద్ధపు బాణీ ఆడుతున్నాను. తాత కళ్ళు మూసుకొని పక్కనే పడుకొని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. కొంచెంసేపటికి చూస్తే ఆయన చెయ్యి తొడ మీద తాళం వేస్తా ఉంది. వేళ్ళు లెక్కపెడుతూ, తిప్పుతూ, ఆది తాళం. పాట ముగిసినాక కళ్ళు తెరవకుండానే అన్నాడు: "యాల రా అంత తొందర? పాట ఒక పక్క పోతా ఉండాది, నువ్వు దానికంటే ముందర పోతా ఉండావు."

తెర మీద చూస్తే నిజమే. నేను తప్పిన చోట్లన్నీ ముందు కొట్టినవే. ఆలస్యంగా కొట్టింది ఒక్కటీ లేదు. రెండేళ్ళుగా హార్మోనియం మీద కూడా నా తప్పు ఇదే అని అప్పుడు తెలిసింది. హార్మోనియం వాయించేటప్పుడు పరుగెత్తితే పాట కూడా నాతోనే పరుగెత్తుతుంది, అందుకని నాకు తెలియలేదు. ఆటలో పాట నా కోసం పరుగెత్తదు. అది దాని నడకలో అది పోతుంది, నేనే దానితో కలవాలి. తాత దీన్ని కాలప్రమాణం అంటాడు. చిన్నప్పుడు ఆయనకు గురువు తొడ మీద చరిచి నేర్పినాడంట. నాకు తెర మీద "మిస్" అని అక్షరాలు పడి నేర్పినాయి.

"ఇది సంగీతమేనా తాతా?" అని అడిగినాను. నాకు కావలసిన జవాబు ఆయన ఇవ్వలేదు. "అది నాకు తెలీదు రా. లెక్క మాత్రం ఉండాది. లెక్క ఉండేదాన్ని ఊరికే తీసిపారేయకూడదు" అన్నాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి విన్న తరువాత చెప్పిన మాట ఇది. నేను అడుగుతున్నది కూడా అంతే, వినమని.

మూడో అభ్యంతరం నన్ను ఎక్కువ బాధపెట్టింది: "ఇది మనది కాదు. మన సంస్కృతి కాదు."

మా బడిలో ప్రతి ఉదయం ప్రార్థనకు హార్మోనియం వాయిస్తారు. హార్మోనియం మనదా? అది యూరపు నుంచి వచ్చింది. వచ్చిన తరువాత కూడా పెద్దవాళ్ళు దాన్ని సులభంగా లోపలికి రానియ్యలేదు. ఆకాశవాణి 1940 నుంచి సుమారు ముప్పై ఏళ్ళు హార్మోనియంను నిషేధించింది. మన గమకాలు దానిమీద పలకవు, అది మనది కాదు అన్నారు. ఈ రోజు అదే హార్మోనియం మీద మనం దేవుడి పాట పాడుతున్నాము. వయొలిన్ సంగతి కూడా అంతే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకొని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినాడంటారు. ఇప్పుడు వయొలిన్ లేని కచేరీ ఎక్కడైనా ఉందా? మనం దగ్గరికి తీసుకుంటేనే ఏదైనా మనది అవుతుంది. వాకిట్లో నిలబెడితే వందేళ్ళయినా పరాయిదే.

ఇంకా చెబుతాను. త్యాగరాజస్వామి తిరువయ్యారులో ఉండి తెలుగులో కీర్తనలు కట్టినాడు. ప్రతి ఏడాదీ పుష్య బహుళ పంచమి నాడు అక్కడ వందలమంది కూర్చొని ఆ తెలుగు పాటలు పాడతారు. వాళ్ళలో చాలామందికి తెలుగు రాదు. తెలుగు అక్షరాలు చదవలేక తమిళ అక్షరాల్లో రాసుకొని పాడతారు. "ఇది మా భాష కాదు, మాకెందుకు?" అని వాళ్ళు ఆ రోజు అని ఉంటే? తమిళ నేల మీద తెలుగు బడిలో చదువుతున్న మనకు ఈ సంగతి అందరికంటే ఎక్కువ తెలియాలి. హోసూరులో మేము ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం, బస్టాండులో కన్నడం మాట్లాడతాము. "మీరు ఈ ఊరి వాళ్ళేనా?" అనే మాట మనం విన్నవాళ్ళమే. ఆ మాట వింటే ఎట్లుంటుందో తెలిసిన మనం ఒక పాటను పట్టుకొని అదే మాట అనవచ్చునా?

దీనికంటే పెద్ద భయం ఒకటి ఉంది. మా తరగతిలో ఆరో తరగతి నాటికి ముప్పై ఒక్క మంది ఉంటిమి. ఇప్పుడు పంతొమ్మిది మంది. మిగిలినవాళ్ళు ఇంగ్లీషు బడులకు పోయినారు. ఉన్న పిల్లలకు ఇష్టమైన ప్రతి కొత్త సంగతినీ గేటు బయట పెట్టి రమ్మంటే వాళ్ళు ఏమనుకుంటారు? తెలుగు అంటే పద్యాలకు, పండగలకు, పెద్దవాళ్ళకు మాత్రమే. నాకు నిజంగా ఇష్టమైనదాన్ని మాట్లాడాలంటే ఇంగ్లీషు కావాలి అనుకుంటారు. నేను కూడా అట్లే అనుకున్నాను. ఈ వ్యాసం రాసేటప్పుడు మొదటి పేజీకి నాలుగు రోజులు పట్టింది. ఎందుకంటే ఈ ఆట గురించి నేను ఎప్పుడూ తెలుగులో ఆలోచించలేదు. తరువాత బాణీ, లయ, నడక, దరువు అని ఒక్కొక్క మాటా దొరికింది. మా తాత నోట్లో అన్నీ ముందే ఉన్నాయి. నేనే అడగలేదు. ఆట పాటను లోపలికి రానిస్తే తెలుగు పాడవదు. తెలుగుకు ఇంకొక పని దొరుకుతుంది.

నాలుగో అభ్యంతరం: "కాలం, డబ్బు దండగ."

ఇందులో కొంత నిజం ఉంది. అందుకని నా పక్షం వాళ్ళను కూడా రెండు మాటలు అంటాను. విడుదల అయినప్పుడు ఈ ఆట మామూలు ధర అమెరికాలో 49.99 డాలర్లు ఉండింది. ఇంకా పాటలు కలిపిన పెద్ద కట్ట 99.99 డాలర్లు, అంటే రెండింతలు. ఆ కట్ట కొంటే పాటలు 500 దాటుతాయి. 385 పాటలు ఇచ్చి, మిగిలినవి ముక్కలుముక్కలుగా తరువాత అమ్మడం నాకు నచ్చలేదు. భోజనానికి పిలిచి పాయసానికి వేరేగా డబ్బు అడిగినట్టు ఉంది. నాకు ఎంత ఇష్టమైన కంపెనీ అయినా ఈ మాట చెప్పాల్సిందే. ఇష్టం వేరు, కళ్ళు మూసుకోవడం వేరు. ఆ మిషన్లలో ఒకటైన స్విచ్‌ను దాన్ని తయారుచేసే కంపెనీ 2023లో మన దేశంలో నేరుగా అమ్మేది కాదు కూడా. ఎవరో బయటినుంచి తెప్పించినదాన్ని ఎక్కువ ధరకు కొనాల్సి వచ్చేది. మా నాన్న దగ్గర అంత డబ్బు లేదు, నేను అడగను. తోటి విద్యార్థులారా, మీరు కూడా ఇంట్లో ఏడ్చి, అలిగి కొనిపించుకోవద్దు. ఎదురుచూసేదానికి డబ్బు అక్కరలేదు. బాణీలు వినేదానికి మిషన్ అక్కరలేదు.

కాలం సంగతి. ఒక పాట రెండు మూడు నిమిషాలు. రోజుకు అయిదు పాటలంటే పదిహేను నిమిషాలు. క్రికెట్ మ్యాచి ఒక పూటంతా చూస్తే ఎవరూ దండగ అనరు. నేను క్రికెట్‌ను తక్కువ చేయడం లేదు. ఇద్దరికీ ఒకే కొలత పెట్టమంటున్నాను. ఒకటి అలవాటై చదువు చెడితే ఏదైనా తప్పే. చెడకపోతే ఏదీ తప్పు కాదు.

ఇంకొకటి. మా ఆటలే గొప్ప, కీర్తనలు పాతవి, డోలు పల్లెటూరిది అనే పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళు చేసేదీ అదే తప్పు. వినకుండా తోసేయడం. పెద్దవాళ్ళు మన పాటను వినాలంటే మనం వాళ్ళ పాటను వినాలి. ఈ పండక్కి నేను తాత దగ్గర కూర్చొని ముక్తాయింపు అంటే ఏమిటో నేర్చుకున్నాను. పాట చివర లెక్కను మూడుసార్లు తిప్పి, సరిగ్గా సమం మీద పడేటట్టు ముగించడం. చెప్పడం సులభం, నాకు ఇంకా రాలేదు. ఫైనల్ బార్ లైన్ అంటే పాశ్చాత్య సంగీతపు కాగితం మీద పాట ముగిసిన చోట గీసే ఆఖరి గీత అని బావ చెప్పినాడు. తాతకు చెబితే "ఓహో, వాళ్ళు గీత గీస్తారా? మేము కొట్టి చూపిస్తాము" అని నవ్వినాడు.

కాబట్టి నా విన్నపం ఇది. వార్షికోత్సవ సంఘంలోని పెద్దలారా, మా పేర్ల మీద గీసిన అడ్డగీతను తీసేయమని నేను ఇప్పుడే అడగడం లేదు. ఒకరోజు బడి వదిలిన తరువాత మూడు నిమిషాలు ఆగండి. మేము వాయిస్తాము. పాట పేరు చెప్పము, ఎక్కడిదో చెప్పము. కళ్ళు మూసుకొని వినండి. లయ తప్పితే, రాగం చెడితే, పిల్లల చెవులకు మంచిది కాదనిపిస్తే ఆ గీత అట్లే ఉండనీయండి. మేము మారు మాట్లాడము. మీ చెయ్యి మీకు తెలియకుండా తొడ మీద తాళం వేసిందంటే మాత్రం మా పేర్లు మళ్ళీ రాయండి.

నా స్నేహితుడు ఇప్పటికే డోలుకు వార్లు బిగించి పెట్టుకున్నాడు. నేను రోజూ సాయంత్రం తాత ముందర కూర్చొని వాయిస్తున్నాను. నిన్న ఆయన ఒక్కసారే "తొందర" అన్నాడు.